సూడోమోనాస్ పోసినా టమాటా వడలిపోయింది. ఈ "మంచి బ్యాక్టీరియా" నిజంగా పనిచేస్తుందా?

ఎండిన_సాలు
టమాటా పూత మీద ఉండగా కింది ఆకులు పసుపెక్కాయి. ఆ తర్వాత ఒక పక్క కొమ్మలు వాలడం మొదలైంది. సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్ పొడి తెచ్చి లీటరు నీటికి 10 గ్రాములు కలిపి మొదళ్ళు తడిసేలా పోశాను. కొన్నాళ్ళాగి మళ్ళీ పోశాను. వాలిన మొక్క ఒక్కటీ లేవలేదు సరికదా, పక్క సాళ్ళకు కూడా పాకింది. ప్యాకెట్ మీద చూస్తే ఎండు తెగులు, వేరుకుళ్ళు, నారుకుళ్ళు, ఆకుమచ్చ అన్నిటికీ ఇదేనట. అన్ని రోగాలకూ ఒకే మందు అంటేనే నాకు అనుమానం. ఎవరికైనా నిజంగా పనిచేసిందా? "పనిచేస్తుందని విన్నాం" అనే బ్యాచ్ దయచేసి పక్కకు జరగండి.

మొండి_మనిషి
సుద్దపొడి. ఇంకో మాట లేదు.

ప్లేటు_మీద_బూజు
సుద్ద కాదు, టాల్క్ :) పొడిలో ఎక్కువ భాగం అదే. బ్యాక్టీరియాను మోసుకొచ్చేది అది. మోసుకొచ్చేసరికి ఎన్ని కణాలు బతికున్నాయన్నది వేరే సంగతి.

నీడపట్టున
మొక్కలు వాలిపోయాక పోశారా, ముందే పోశారా?

ఎండిన_సాలు
వాలాకే. రోగం రాకముందే మందు ఎవరైనా పోస్తారా?

నీడపట్టున
దీన్ని పోస్తారు.

ప్లేటు_మీద_బూజు
నీడపట్టున గారు రెండు ముక్కల్లో చెప్పింది నేను సాగదీస్తా, ల్యాబులో పనిచేసేవాళ్ళ రోగం ఇది.

ఎండు తెగులు తెచ్చే ఫ్యుజేరియం అనే బూజు వేరు కొస నుంచో, వేరుకు తగిలిన గాయం నుంచో దూరి, కాండంలో నీళ్ళు ఎక్కే నాళాల్లోకి చేరుతుంది. ఆకు వాలినట్టు మన కంటికి కనిపించేసరికి ఆ నాళాలు సగం శిలీంద్రం పోగులతో, సగం మొక్క దాన్ని ఆపబోయి చేసుకున్న జిగురుతో పూడిపోయి ఉంటాయి. మీరు పోసిన బ్యాక్టీరియా వేరు పైన ఉంది, శత్రువు కాండం లోపల ఉంది. ఇక ఎదురుపడేదెక్కడ?

సూడోమోనాస్ అసలు పని వేరు మీద ముందుగా చోటు పట్టడం. వేర్ల నుంచి ఊరే చక్కెరలు, అమైనో ఆమ్లాలు తింటూ అక్కడే పెరుగుతుంది. బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినట్టు. బూజు వచ్చేసరికి తిండీ ఉండదు, చోటూ ఉండదు. దానికి తోడు సిడెరోఫోర్లు అనే పదార్థాలు వదిలి చుట్టుపక్కల మట్టిలో ఉన్న ఇనుమును బూజుకు అందకుండా తనవైపు లాగేసుకుంటుంది. వాటిలో పయోవెర్డిన్ అనేది పసుపుపచ్చగా ఉంటుంది, అతినీలలోహిత కాంతి కింద పెడితే మెరుస్తుంది. కొన్ని రకాలు డీఏపీజీ, ఫెనజీన్, పైరోల్‌నైట్రిన్ లాంటి విషాలు కూడా చేస్తాయి. ఇవన్నీ వేరు దగ్గర జరిగే పనులు. నాళాల్లో పూడిపోయింది కడిగే శక్తి వీటిలో దేనికీ లేదు.

మొండి_మనిషి
బస్సు నిండి, కండక్టర్ రైట్ రైట్ అన్నాక తువ్వాలు విసిరాడన్నమాట మనవాడు.

ఎండిన_సాలు
నవ్వండి నవ్వండి. పోయింది నా సాళ్ళు కదా.

గ్లాసుడు_నీళ్ళు
అందరూ ఫ్యుజేరియమే అని ఎలా తేల్చేశారు? టమాటా వడలిపోవడానికి రాల్‌స్టోనియా కూడా కారణం కావచ్చు, అది బ్యాక్టీరియా రోగం. దానికైతే ఈ చర్చ మొత్తం వేరే దారి పట్టాలి. కొత్తగా వాలుతున్న మొక్క కాండాన్ని మొదలు దగ్గర కోసి, ఆ ముక్కను గ్లాసులో తేట నీళ్ళలో వేలాడదీయండి, కదపొద్దు. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలలాంటి దారాలు కిందికి జారితే బ్యాక్టీరియా వడలు తెగులు. జారకుండా, కాండం చీలిస్తే లోపల గోధుమరంగు చారలు కనిపిస్తే ఫ్యుజేరియం వైపు మొగ్గు. కింది ఆకులు ముందు పసుపెక్కడం, ఒక పక్కే వాలడం కూడా ఫ్యుజేరియం లక్షణాలే. మొక్క పచ్చగా ఉండగానే ఉన్నట్టుండి కూలిపోతే మాత్రం రాల్‌స్టోనియాను అనుమానించాలి.

నీడపట్టున
+1. పీకినప్పుడు వేర్లు కూడా చూడండి.

పెరటి_పాదు
మధ్యలో దూరుతున్నా. నేను ట్రైకోడెర్మా అనే బ్యాక్టీరియా వాడుతున్నా, నారుకుళ్ళు తగ్గింది. సూడోమోనాస్ కంటే అది మంచిదేమో?

బీజకవచం
ట్రైకోడెర్మా బ్యాక్టీరియా కాదండీ, అదీ బూజే. బూజును తినే బూజు.

పెరటి_పాదు
ఏదైతేనేం, పని జరిగిందిగా.

బీజకవచం
పని వరకు సరే, పక్కన ఏ మందు కలుపుతారన్న దగ్గర తేడా వస్తుంది. కార్బెండజిమ్ అనే బూజు మందు ట్రైకోడెర్మాను చంపేస్తుంది, అదే మందు సూడోమోనాస్‌నూ, బాసిల్లస్ అనే ఇంకో మంచి బ్యాక్టీరియానూ పెద్దగా ఏమీ చేయదు. రాగి మందులు, స్ట్రెప్టోమైసిన్ అయితే బ్యాక్టీరియాకు యముళ్ళు. విత్తనానికి మందు పట్టించి, దాని మీదే "జీవ శిలీంద్రనాశిని" అని రాసి ఉంది కదా అని ఏదో ఒకటి పట్టిస్తే, రెండోది మొదటిదానికి బలి.

ఇక అసలు ప్రశ్నకు నా జవాబు: సూడోమోనాస్ వదిలేసి బాసిల్లస్ సబ్టిలిస్ పట్టుకోండి. సూడోమోనాస్‌కు గట్టి పెంకున్న బీజాలు కట్టే శక్తి లేదు. టాల్క్‌లో ఆరబెట్టిన రోజు నుంచే లెక్క పడిపోతూ వస్తుంది, వేడిలో ఇంకా తొందరగా. ఎండలో నిలబెట్టిన వ్యాన్‌లో వచ్చిన ప్యాకెట్ మీద తేదీ ఎంత కొత్తగా ఉన్నా ఏం లాభం? బాసిల్లస్ అలా కాదు, అంతర్బీజాలు కట్టుకుని నిద్రపోతుంది. 80 డిగ్రీల సెల్సియస్ వేడిలో 10 నిమిషాలు ఉంచినా ఆ బీజాలు బతుకుతాయి. ల్యాబులో మిగతా వాటిని వదిలించుకుని బాసిల్లస్‌ను ఏరడానికి చేసే పని అదే.

ప్లేటు_మీద_బూజు
ప్యాకెట్‌లో బతకడం, వేరు మీద పనిచేయడం ఒకటి కాదుగా. నిద్రపోతున్న బీజం ఏ విషమూ చేయదు, ఏ చోటూ పట్టదు. మట్టిలో పడ్డాక అది మొలకెత్తాలి, వేరు దాకా చేరాలి. మట్టి చల్లగా, పొడిగా ఉంటే అలాగే పడి ఉంటుంది. బతికున్న సూడోమోనాస్ దొరికితే వేరు వెంట పాకే వేగం దానిదే. కాబట్టి "వదిలేసి పట్టుకోండి" అన్నంత తేలిక కాదు.

బీజకవచం
"బతికున్న సూడోమోనాస్ దొరికితే". ఆ "దొరికితే" దగ్గరే నా బాధంతా.

ప్లేటు_మీద_బూజు
అది ఒప్పుకుంటా. ప్యాకెట్ మీద సీఎఫ్‌యూ అని, అంటే బతికున్న కణాల లెక్క, గ్రాముకు 10 కోట్లు అనో 1 కోటి అనో రాసి ఉంటుంది. అది తయారైన రోజు లెక్కా, గడువు చివరి రోజు లెక్కా అని అడగండి. రెండోది చెప్పగలిగినవాళ్ళ దగ్గర కొనొచ్చు.

డ్రమ్ము_వీరుడు
ఇంత గోల ఎందుకు? ఒక్క ప్యాకెట్ తెచ్చి డ్రమ్ములో బెల్లం నీళ్ళలో వేయండి, రోజూ కలపండి, వాసన మారాక పోసేయండి. నేను చేసేది ఇదే. నా నారుమళ్ళలో నారుకుళ్ళు కనపడట్లేదు. ప్యాకెట్‌లో తక్కువున్నా డ్రమ్ములో పెరుగుతుంది.

ప్లేటు_మీద_బూజు
ఏం పెరిగిందో చూశారా?

డ్రమ్ము_వీరుడు
నురగ వస్తుంది, వాసన వస్తుంది. బ్యాక్టీరియా కాక ఏనుగులు పెరుగుతాయా?

ప్లేటు_మీద_బూజు
బ్యాక్టీరియాయే, కాదనను. ఏ బ్యాక్టీరియా అన్నదే ప్రశ్న. మూత లేని డ్రమ్ములో, మరిగించని నీటిలో, చక్కెర ఉన్నచోట అన్నిటికంటే వేగంగా పెరిగేది గెలుస్తుంది. మీరు వేసినదే గెలవాలని ఏమీ లేదు, చాలాసార్లు ఈస్టులు, పులుపు చేసేవి గెలుస్తాయి. ఇంకో మాట, పచ్చరంగు రాగానే సూడోమోనాస్ పెరిగిందని సంబరపడేవాళ్ళను చూశాను. సూడోమోనాస్ ఏరుజినోసా కూడా పచ్చగానే ఉంటుంది, అది గాయాల్లో చేరి మనుషులకు జబ్బు చేసే రకం. చేతికి కోసుకున్న గాయం ఉంటే ఆ డ్రమ్ములో చెయ్యి పెట్టకండి.

ఇది ఊరికే బెదిరించడం కాదు. బర్ఖోల్డేరియా సెపేసియా అనే బ్యాక్టీరియా నారుకుళ్ళ మీద చక్కగా పనిచేస్తుందని ఒకప్పుడు ఎంతో ఆశపడ్డారు. సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నవాళ్ళ ఊపిరితిత్తుల్లో ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్లు తెచ్చేదీ ఆ కుటుంబమేనని తేలాక వెనక్కి తగ్గాల్సి వచ్చింది. మొక్కకు మంచిది మనిషికీ మంచిదే అవ్వాలని లేదు.

డ్రమ్ము_వీరుడు
గ్లవ్స్ వేసుకుంటాలే. మీ ప్లేటు పండిస్తుందో నా మడి పండిస్తుందో చూద్దాం.

నీడపట్టున
వీరుడు గారూ, ఒక్క మడికి ఉత్త బెల్లం నీళ్ళు పులియబెట్టి పోసి చూశారా, ప్యాకెట్ వేయకుండా? అదీ అలాగే ఉంటే నారు మంచి ఎత్తు మళ్ళలో, నీరు నిలవకుండా పెరుగుతోందని అర్థం. నారుకుళ్ళు సగం పోయేది అక్కడే.

డ్రమ్ము_వీరుడు
ఎత్తు మళ్ళే వేస్తాను. సరే, చూస్తా.

ఎండిన_సాలు
గ్లాసు పరీక్ష చేశాను. దారాలేవీ రాలేదు, నీళ్ళు తేటగానే ఉన్నాయి. కాండం చీలిస్తే గోధుమరంగు చార పైదాకా ఉంది. నీడపట్టున గారు వేర్లు చూడమన్నారు కదా, వాటి నిండా బుడిపెలు! ఇదేంటి మళ్ళీ?

నీడపట్టున
అనుకున్నా. వేరుముడి నులిపురుగులు. అవి కుట్టి వేరులోకి దూరిన చోట ఫ్యుజేరియంకు పని సులువవుతుంది. ఎండు తెగులును తట్టుకునే రకాలు కూడా నులిపురుగులు తోడైతే తట్టుకోలేకపోవచ్చు. మీ మడిలో బ్యాక్టీరియా ఓడిపోవడానికి మూడు కారణాలు ఒకేసారి ఉన్నాయి. ఆలస్యం, నాళాల రోగం, నులిపురుగులు. ప్యాకెట్ నాణ్యత నాలుగోది.

మొండి_మనిషి
ఇదిగో, ఇదే నాకు నచ్చనిది. పనిచేస్తే బ్యాక్టీరియా గొప్ప, పనిచేయకపోతే తప్పు రైతుది, మట్టిది, పురుగుది, వ్యాన్‌ది. ఇంత నాజూకైన దాన్ని మందు అనొచ్చా?

సుద్దపొడి అని ఊరికే అనలేదు నేను. ల్యాబు ప్లేటులో ఒక పక్క బూజు, ఒక పక్క బ్యాక్టీరియా పెట్టి, మధ్యలో బూజు పెరగని ఖాళీ వలయం చూపించి ఫొటోలు దింపుతారు. పొలంలో ఆ వలయం ఎక్కడ? ప్లేటు మీద తిండి సమృద్ధిగా ఉంటుంది, పోటీకి ఇంకెవరూ రారు. మట్టిలో కొత్తగా వచ్చినవాడిని తినేయడానికి ప్రోటోజోవాలు అనే ఏకకణ జీవులు కాచుక్కూర్చుంటాయి.

ప్లేటు_మీద_బూజు
మొండి_మనిషి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, నా హ్యాండిల్ మీద ఒట్టు. పెద్ద వలయం చేసిన రకం పొలంలో చతికిలపడటం, వలయమే చేయని రకం బాగా కాపాడటం రెండూ ఉన్నాయి. ఒకచోట పనిచేసి పక్కచోట చేయకపోవడం ఈ రంగంలో మొదటి నుంచీ ఉన్న తలనొప్పి.

గోధుమ_గింజ
పొలంలో ఆ వలయం ఎక్కడ అన్నారుగా, చెబుతా. గోధుమలో టేక్-ఆల్ అని వేరుకుళ్ళు ఉంది. గోధుమ తర్వాత గోధుమే వేస్తూ పోతే కొన్నేళ్ళు రోగం పెరిగి పంట నాశనమవుతుంది. ఓపిక పట్టి ఇంకా అదే వేస్తే రోగం దానంతటదే తగ్గుముఖం పడుతుంది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు గోధుమ నేలల్లో దీని వెనక ఉన్నది డీఏపీజీ చేసే సూడోమోనాస్ అని తేల్చారు. గ్రాము వేరుకు సుమారు 1 లక్ష కణాలు దాటితేనే రక్షణ దొరుకుతుంది, అంతకు తగ్గితే దొరకదు. ఎవరూ ప్యాకెట్ పోయలేదు. రోగం పట్టిన వేర్లే వాటిని పెంచి పోషించాయి.

తమాషా ఏంటంటే, పంట మార్పిడి చేస్తే ఆ రక్షణ పలచబడుతుంది. అందరికీ మనం చెప్పే మొదటి సలహా పంట మార్పిడే కదా!

మొండి_మనిషి
ఇది బాగుంది. అంటే మట్టిలో ఉన్నవాటిని పెంచుకోవడం పనిచేస్తుంది, ప్యాకెట్ సంగతి ఇంకా తేలలేదు.

గోధుమ_గింజ
అలా తీసుకోవాలంటే తీసుకోండి. కానీ ప్యాకెట్ కథలూ ఉన్నాయి. ఫిన్లాండ్‌లో లేత రంగు స్ఫాగ్నమ్ పీట్‌లో (నాచు కుళ్ళి ఏర్పడిన మట్టి) పెంచిన నారుకు రోగాలు తక్కువ రావడం గమనించి, ఆ పీట్ నుంచే స్ట్రెప్టోమైసిస్ కే61 అనే రకాన్ని వేరుచేశారు. మైకోస్టాప్ పేరుతో అమ్మేది అదే. బూజులా పోగులు పోగులుగా పెరుగుతుంది, జాతికి మాత్రం బ్యాక్టీరియాయే. పెరటి_పాదు గారు మళ్ళీ తికమకపడకుండా ముందే చెబుతున్నా.

పెరటి_పాదు
గుర్తుపెట్టుకున్నారు, సంతోషం.

ఎండిన_సాలు
నా మొదటి అనుమానం ఇంకా తీరలేదు. వేరు దగ్గర పోసింది ఆకుమచ్చకు ఎలా మందవుతుంది? వేరు మీద తువ్వాలు వేస్తే ఆకు మీద సీటు ఎలా దొరుకుతుంది?

ప్లేటు_మీద_బూజు
ఇది మంచి ప్రశ్న. 1991లో కార్నేషన్ పూల మొక్కల మీద ఒక ప్రయోగం వచ్చింది. వేర్లకు సూడోమోనాస్ పట్టించారు, ఫ్యుజేరియంను మాత్రం కాండంలోకి ఎక్కించారు. రెండూ ఎక్కడా కలవలేదు, అయినా రోగం తగ్గింది. అదే ఏడాది దోసలో ఆకుల మీద వచ్చే ఆంత్రాక్నోస్ మీదా ఇలాంటి ఫలితమే వచ్చింది. వేరు మీద ఉన్న బ్యాక్టీరియాను మొక్క పసిగట్టి, జాస్మోనిక్ ఆమ్లం, ఇథిలీన్ అనే మొక్క హార్మోన్ల దారుల్లో తన రక్షణను సిద్ధం చేసుకుంటుంది. శత్రువు వచ్చినప్పుడు మామూలు కంటే తొందరగా తిరగబడుతుంది. ఇండ్యూస్డ్ సిస్టమిక్ రెసిస్టెన్స్ అంటారు దీన్ని. కాబట్టి ప్యాకెట్ మీది జాబితా పూర్తిగా అబద్ధం కాదు. ఆకు రోగం పూర్తిగా ఆగిపోతుందని మాత్రం ఆశపెట్టుకోవద్దు, తగ్గుతుంది అంతే.

పెరటి_పాదు
మరి గుమ్మడి, దోస పాదుల మీద బూడిద తెగులుకు? వేరుకు పోయనా, ఆకు మీద కొట్టనా?

బీజకవచం
ఆకు మీదే, బాసిల్లస్. ఇక్కడ మాత్రం నా మాటకు ఎదురుండదనుకుంటా. సర్ఫాక్టిన్, ఇట్యూరిన్, ఫెంగైసిన్ అనే లైపోపెప్టైడ్లు అది పెరిగిన ద్రావణంలోనే ఉంటాయి, శిలీంద్రం పొరకు చిల్లులు పెడతాయి. అందుకే కణాలు మేల్కొనక ముందే కొంత పని జరుగుతుంది. బాసిల్లస్‌లో క్యూఎస్‌టీ 713 అనే రకం బూడిద తెగులు మీదా, పండ్లు కుళ్ళబెట్టే బోట్రైటిస్ బూజు మీదా ఎన్నో దేశాల్లో వాడుకలో ఉంది. దాన్ని సబ్టిలిస్ అనేవాళ్ళు, ఇప్పుడు వెలెజెన్సిస్ కింద చేర్చారు. మొదటి తెల్లమచ్చ కనపడగానే మొదలుపెట్టండి, ఆకు రెండు వైపులా తడవాలి, సాయంత్రం కొట్టండి. వాన పడితే మళ్ళీ కొట్టాలి. ఆకంతా పిండి చల్లినట్టు అయ్యాక కొడితే ఎండిన_సాలు గారి కథే.

ఎండిన_సాలు
నన్ను సామెత చేసేశారు మొత్తానికి.

నీటిలో_వేర్లు
మట్టి లేకుండా పెంచేవాళ్ళకు ఒక ముక్క. మాకు పెద్ద శత్రువు వేరుకుళ్ళు తెచ్చే పిథియం. అది చూడ్డానికి శిలీంద్రంలా ఉంటుంది గానీ శిలీంద్రం కాదు, ఊమైసీట్ అనే వేరే జాతి, అందుకే కార్బెండజిమ్ దాని మీద పనిచేయదు. దాని బీజాలు నీళ్ళలో ఈదుకుంటూ ఒక వేరు నుంచి ఇంకో వేరుకు వెళ్తాయి. కొన్ని సూడోమోనాస్ రకాలు చేసే రామ్నోలిపిడ్లు అనే పదార్థాలు ఆ ఈదే బీజాల పొరను చీల్చేస్తాయి. కాకపోతే నీళ్ళలో క్లోరిన్ ఉంటే మనం వేసిందే ముందు చస్తుంది. కుళాయి నీళ్ళతో కలిపేవాళ్ళందరికీ ఇదే వర్తిస్తుంది. రాత్రంతా మూత లేకుండా ఉంచి వాడితే మామూలు క్లోరిన్ చాలావరకు పోతుంది, క్లోరమీన్ కలిపిన నీళ్ళయితే పోదు.

ఎండిన_సాలు
సరే, ఈ పంట సంగతి అయిపోయింది. వచ్చే పంటకు అదే మడిలో టమాటా వేయొచ్చా? వేస్తే ఏం చేయాలి?

నీడపట్టున
ముందు నులిపురుగుల సంగతి చూడండి. ఆ మడిలో బంతి లాంటిదేదైనా ఒక పంట తీసి, టమాటాను పక్క మడికి మార్చగలిగితే మేలు. ఫ్యుజేరియం గట్టి పెంకు బీజాలతో ఏళ్ళ తరబడి మట్టిలో ఉండిపోతుంది కాబట్టి తట్టుకునే రకమో, అంటు నారో చూసుకోండి. బ్యాక్టీరియా మీద ఒక్కదాని మీదే భారం వేయొద్దు.

వేసేటప్పుడు కిలో విత్తనానికి 10 గ్రాములు పట్టించి నీడలో ఆరబెట్టండి. నాటే ముందు నారు వేర్లు ఆ ద్రావణంలో ముంచండి. మాగిన పశువుల ఎరువులో కలిపి, తేమ ఉంచి, నాటే చోట వేయండి. ఉత్త మట్టి మీద పొడి చల్లితే ఎండకే పోతుంది. ఇవన్నీ రోగం రాకముందే.

ప్లేటు_మీద_బూజు
మట్టి ఉదజని సూచిక (పీహెచ్) కూడా చూడండి. ఆమ్ల నేలలో ఫ్యుజేరియం ఎండు తెగులు ఎక్కువ. సున్నం వేసి 6.5–7 మధ్యకు తెచ్చి, అమ్మోనియం నత్రజని తగ్గించి నైట్రేట్ రూపంలో ఇస్తే రోగం తగ్గుతుందని పాత అనుభవం. సూచిక పెరిగితే మట్టిలో ఇనుము తేలిగ్గా దొరకదు. అప్పుడే ఇనుము లాగేసుకునే సూడోమోనాస్ ఎత్తు బాగా పారుతుంది.

మొండి_మనిషి
అన్నీ చేయండి, కొన్ని సాళ్ళు మాత్రం బ్యాక్టీరియా లేకుండా వదిలేయండి. మిగతా అన్నీ సమానం. లేకపోతే వచ్చే ఏడాది ఇక్కడికొచ్చి "పనిచేసింది" అంటారు, సున్నం పనిచేసిందో అంటు నారు పనిచేసిందో ఎవరికీ తెలియదు.

ఎండిన_సాలు
వదులుతా. చివరి సాళ్ళు వదిలేస్తే సరిపోతుందా, నీళ్ళు చివరగా అందేవి?

గ్లాసుడు_నీళ్ళు
అవి వద్దు. కాలువ నీళ్ళు పారితే పై సాళ్ళలో పోసింది కొంత కొట్టుకొచ్చి కింద చేరుతుంది, రోగమూ అలాగే చేరుతుంది. చివర్లో ఏం కనిపించినా దేనివల్లో చెప్పలేరు. మడి పైన ఒకటి, మధ్యలో ఒకటి, కింద ఒకటి వదలండి, కర్ర పాతి గుర్తు పెట్టుకోండి. చచ్చిన మొక్కల లెక్క వాటిలోనూ పక్క సాళ్ళలోనూ విడివిడిగా రాయండి.